"అంశం ఉంది, జవాబు లేదు" అని తిప్పి ఇచ్చిన అసైన్‌మెంటు గురించి

కోనసీమలోని రాజోలు వైపు నుంచి ఒక బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు ఇచ్చిన అసైన్‌మెంటు: "ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టా రైతు స్థితిని ఎంతవరకు మార్చింది? విమర్శనాత్మకంగా పరిశీలించండి. 1,500 పదాలు మించకూడదు. కనీసం 4 ఆధారాలు చూపాలి." ఆమె కష్టపడి 11 పేజీలు రాశారు. లెక్చరర్ గారు చివర "అంశం ఉంది, జవాబు లేదు" అని రాసి, వారంలో మళ్లీ రాసి ఇమ్మన్నారు. "ఇంత రాశాక కూడా జవాబు లేదంటే ఇంకేం రాయాలండీ?" అని ఆమె బాధ.

అమ్మా, ముందు ధైర్యంగా ఉండండి. అలా రాసిన లెక్చరర్ మీ 11 పేజీలూ చదివారు, మళ్లీ రాయడానికి గడువు కూడా ఇచ్చారు. ఈ డెల్టాలో డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి చరిత్ర చెబుతూ, వాళ్ల పేపర్లు దిద్దుతూ వచ్చినవాడిగా చెబుతున్నాను: మీకు వచ్చిన ఇబ్బందే నూటికి తొంభై మందికి వస్తుంది. తెలివి తక్కువై కాదు. ఇంటర్ దాకా మనం నేర్చుకున్న పద్ధతి అలాంటిది.

ఆ పద్ధతి ఏమిటంటే, ప్రశ్నలో ఒక పేరు పట్టుకోవడం. 'ఆనకట్ట' అని కనబడగానే ఆనకట్ట మీద బట్టీ పట్టిందంతా దింపేయడం. సైడ్ హెడ్డింగులు, వాటి కింద గీతలు, వీలైతే ఒక పటం, అడిషనల్ షీట్లు. పబ్లిక్ పరీక్షలో దిద్దేవాళ్ల దగ్గర పాయింట్ల పట్టిక ఉంటుంది కాబట్టి అక్కడ అది నడిచింది. డిగ్రీలో, పీజీలో వ్యాసం అడిగినప్పుడు చూసేది వేరు. ఈ పిల్ల చదివినదాన్ని ఒక ప్రశ్న ముందు పెట్టి ఆలోచించగలదా? ఆలోచించి ఒక మాట మీద నిలబడగలదా? ఆ మాటకు సాక్ష్యం చూపగలదా? ఈ మూడే చూస్తారు.

మీ పేజీలు నేను చూడలేదు. కానీ ఈ ప్రశ్నకు జవాబులు సాధారణంగా ఎలా వస్తాయో తెలుసు. ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ దొర 1803లో పుట్టడం, మద్రాసు రావడం, కావేరి మీద పనులు, 1832–33 కరువు, 1839లో కోరంగి తుపాను, 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో ముగియడం, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు, వీణం వీరన్న గారి సాయం, గన్నవరం అక్విడక్టు (నది పాయ మీదుగా కాలువను దాటించే వంతెన), ఆ తర్వాత కొత్త బ్యారేజీ. అన్నీ నిజాలే. కానీ అడిగింది రైతు గురించి. ఆ రైతు ఏడో పేజీకి గాని కనబడడు.

అందుకే కొత్త కాగితం తీయకముందు ప్రశ్న దగ్గర కూర్చోండి. పెన్సిలు పట్టుకుని ఒక్కో మాట కింద గీత గీస్తూ, ఆ మాట మీ నుంచి ఏం కోరుతోందో పక్కన రాయండి. మీ ప్రశ్ననే తీసుకుందాం.

'రైతు' అన్నారు. ఏ రైతు? పట్టా ఉన్నవాడా, మక్తా కట్టే కౌలుదారా? కూలికి వెళ్లేవాళ్లను ఇందులో కలుపుతారా, వదిలేస్తారా? కాలువ తలాపున ఉన్న చేనూ, సముద్రం దగ్గర శివారు చేనూ ఒకటేనా? కోనసీమ పిల్లలైన మీకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. సార్వాకు (ఖరీఫ్ పంటకు) నీళ్లు ముందు ఎవరి చేలోకి వస్తాయో, శివారుకు ఎప్పుడు చేరతాయో, వానలకు మురుగు దిగక ఎవరి చేలు మునుగుతాయో మీ ఇళ్లలో మాట్లాడుకునే విషయమే. ఆ తెలివిడిని మీరు వ్యాసంలోకి రానివ్వలేదు, అది పాఠం కాదనుకుని. నిజానికి మీ వ్యాసంలో బలమంతా అక్కడే ఉంది.

'స్థితి' అన్నారు. దేన్ని బట్టి కొలుస్తారు? పంట దిగుబడా, చేతిలో మిగిలిన డబ్బా, అప్పా, కరువు వచ్చినా ఊరు విడిచి పోనక్కర్లేకపోవడమా? అన్నీ 1,500 పదాల్లో పట్టవు. రెండు తీసుకోండి, తీసుకున్నామని మొదట్లోనే చెప్పండి. కాలం కూడా ప్రశ్నలో లేదు, చూశారా? 1852 నుంచి 1900 దాకానా, ఇవాళ్టి దాకానా? ప్రశ్న చెప్పనప్పుడు హద్దు మీరే గీయాలి. హద్దు గీయడం తప్పించుకోవడం కాదు, ఆ పని చేయగలగడానికి మార్కులుంటాయి.

ఇక 'ఎంతవరకు'. ఈ ప్రశ్నకు ప్రాణం ఇదే. దీనికి జవాబు 'చాలా మార్చింది' అని గాని, 'మార్చలేదు' అని గాని ఉండదు. ఏ విషయంలో మార్చింది, ఎవరికి మార్చింది, ఎక్కడ ఆగిపోయింది, మార్పులో కొంత మరో కారణం వల్ల వచ్చిందా అని తూచి చెప్పాలి. వేరే అసైన్‌మెంట్లలో వేరే మాటలుంటాయి. 'వివరించండి' అంటే ఎలా జరిగిందో వరసగా చెబితే చాలు. 'విశ్లేషించండి' అంటే భాగాలుగా విడదీసి, వాటి మధ్య సంబంధం చూపాలి. 'పోల్చండి' అంటే ముందు మూడు పేజీలు ఒకదాని గురించి, తర్వాత మూడు పేజీలు రెండోదాని గురించి రాయడం కాదు. ఒక్కో అంశం దగ్గర రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. 'చర్చించండి' అంటే ఒకటి కంటే ఎక్కువ వాదనలున్నాయని అర్థం, అవి కనబడాలి.

'విమర్శనాత్మకంగా' అన్న మాట దగ్గర మన ప్రాంతం పిల్లలు మరీ తడబడతారు. ఎందుకో నాకు తెలుసు. మన ఊళ్లలో కాటన్ దొర విగ్రహం లేని కూడలి తక్కువ. పుష్కరాల్లో ఆయన్ని తలుచుకుని స్నానం చేసే ప్రాంతం ఇది. ఆ కృతజ్ఞత మన తాతముత్తాతలది, దానికి కారణం ఉంది, దాన్ని మీరు చంపుకోనక్కర్లేదు. విమర్శ అంటే తిట్టడం కాదు. ఒక మాటను నమ్మేముందు 'ఇది ఎవరు చెప్పారు, వాళ్లకు ఎలా తెలిసింది, అలా చెప్పడంలో వాళ్లకేమైనా లాభం ఉందా' అని అడగడం. ఉదాహరణకు, ఆనకట్ట వచ్చాక ప్రభుత్వానికి శిస్తు రాబడి పెరిగిందని ఆనాటి నివేదికలు గట్టిగా చెబుతాయి. పెట్టిన ఖర్చు దండగ కాలేదని లండన్‌లో ఉన్నవాళ్లకు చూపించాల్సిన అవసరం వాటిని రాసినవాళ్లకు ఉంది. అంకెలు అబద్ధమని కాదు. శిస్తు పెరగడమూ రైతు చేతిలో మిగలడమూ ఒకటేనా అన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న వేసి, జవాబు వెతికితే మీ వ్యాసం విమర్శనాత్మకం అయినట్టే. కాటన్ మీద ఒక్క చెడ్డ మాట అక్కర్లేదు.

ఇదంతా అయ్యాక ఒక్క వాక్యం రాయాలి. దాన్ని ప్రధాన వాదన అనండి, ఏ పేరైనా పెట్టండి. ఈ వ్యాసం ఏం నిరూపించబోతోందో అందులో ఉండాలి. "ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను అన్నపూర్ణగా మార్చింది" అనేది వాదన కాదు. దాన్ని ఎవరూ కాదనరు, దాన్ని నిరూపించడానికి మీరూ అక్కర్లేదు. దీన్ని చూడండి: "1852 తర్వాత ఆనకట్ట డెల్టా రైతుకు కరువు భయం తగ్గించింది, కానీ ఆదాయంలో పెరుగుదల సొంత భూమి ఉన్నవాళ్లకూ, నీరు ముందు అందినవాళ్లకూ దక్కినంతగా కౌలుదారుకూ శివారు రైతుకూ దక్కలేదు." ఇందులో కాలం ఉంది, కొలమానాలు రెండున్నాయి, ఎవరికి ఎంత అన్నది ఉంది. ఎవరైనా కాదనడానికీ వీలుంది. కాదనడానికి వీలున్న మాటకే సాక్ష్యం కావాలి, అప్పుడే మీ నాలుగు ఆధారాలకు పని దొరుకుతుంది. ఇది నిజమని నేను తీర్పు చెప్పడం లేదు. మీ ఆధారాలు మరోవైపు చూపిస్తే వాక్యం మార్చండి. చదువుతున్నకొద్దీ ఈ వాక్యం రెండు మూడుసార్లు మారడం సహజం.

ఆధారాన్ని ఎలా వాడాలో ఒక్క ఉదాహరణతో చూపిస్తాను, పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7.38 లక్షలు, 1841లో 5.61 లక్షలు అన్న లెక్క మీకూ కనబడే ఉంటుంది. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: "1821లో జనాభా 7.38 లక్షలు. 1841 నాటికి అది 5.61 లక్షలకు తగ్గింది. దీనికి కరువులు, తుపానులు కారణం. అందుకే కాటన్ ఆనకట్ట కట్టాడు." అంకె ఉంది, కానీ అది ఏ వాదనకూ సాయం చేయకుండా ఊరికే నిలబడి ఉంది.

అదే అంకెతో ఇలా రాయవచ్చు: "ఆనకట్టకు ముందు ఇరవై ఏళ్లలో జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఈ తగ్గుదలలో చనిపోయినవాళ్లూ, ఊళ్లు విడిచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అయితే దీనికి నీటి లేమి ఒక్కటే కారణం కాదు. 1844లో జిల్లా పరిస్థితి మీద నివేదిక ఇచ్చిన హెన్రీ మాంట్‌గోమరీ కరువులతో పాటు రెవెన్యూ పాలన తీరును కూడా తప్పుపట్టాడు. 1860లలో శిస్తును నేరుగా రైతుతోనే తేల్చే రైత్వారీ సెటిల్‌మెంటు కూడా వచ్చింది. కాబట్టి ఆ తర్వాత రైతు కోలుకోవడాన్ని మొత్తం ఆనకట్ట ఖాతాలో వేయలేం. నీరు ఎంత చేసింది, శిస్తు పద్ధతి మారడం ఎంత చేసింది అన్నది విడదీసి చూడాలి." ఇక్కడ అంకె వచ్చింది, దాని అర్థం వచ్చింది, మరో కారణం వచ్చింది, చివరికి 'ఎంతవరకు' అన్న మాటకు ఒక మెట్టు జవాబు వచ్చింది. పేరా అంటే ఇదే. మొదట ఒక మాట అనండి, సాక్ష్యం చూపండి, ఆ సాక్ష్యం ఏం చెబుతోందో మీ మాటల్లో చెప్పండి, ప్రశ్న దగ్గరికి తిరిగి రండి. ఆ మూడోదాన్ని, అంటే సాక్ష్యం ఏం చెబుతోందన్నదాన్ని, చాలామంది వదిలేస్తారు. చదివేవాళ్లకు తెలుస్తుందిలే అనుకుంటారు. తెలిసినా సరే, మీరు చెప్పాలి.

ఇలాంటి పేరాలకు మీ దగ్గర సరుకు చాలానే ఉంది. ఆ కాలువలు పంటకు నీరే కాదు, పడవలకు దారి కూడా. ధాన్యం వాటి మీద కాకినాడ రేవుకు చేరింది. కాబట్టి రైతు స్థితి మారడంలో రవాణా పాత్ర ఎంత అన్నది ఒక పేరా అవుతుంది. ఇవాళ్టి దాకా రాయాలనుకుంటే 2011 సార్వాను వదలకండి. అదే కాలువల కింద కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. పెట్టుబడి పెరగడం, మద్దతు ధర చాలకపోవడం, కూలీలు దొరకకపోవడం, మురుగు దిగకపోవడం అప్పుడు వినబడ్డ కారణాలు. నీరుండి కూడా రైతు సాగు వద్దనుకున్నాడంటే, నీటి వల్ల వచ్చే మేలుకు హద్దు ఎక్కడుందో అది చూపిస్తుంది. కానీ మీ కాలం 1900 దగ్గర ఆగితే ఇది ఎంత మంచి విషయమైనా బయటే ఉంచాలి. మంచి విషయాన్ని వదులుకోవడం కష్టమే. 1,500 పదాలు ఇచ్చింది అందుకే, ఏది ఉంచాలో ఏది తీయాలో మీరు తేల్చుకుంటారని.

పదాల పరిమితిని దాళ్వాలో (రబీ పంటలో) వంతులవారీ నీరులా చూడండి. తలాపులోనే అంతా వాడేస్తే శివారుకు చుక్క ఉండదు. పరిచయానికి 150, ముగింపుకు 150 తీసేస్తే 1,200 మిగులుతాయి. అంటే మూడొందల పదాల పేరాలు నాలుగు. వాటిలో ఒకటి మీ వాదనకు ఎదురొచ్చే విషయానికి తప్పకుండా ఇవ్వండి. కాటన్ జీవితానికి ఇందులో చోటు లేదు, రెండు వాక్యాలు కూడా ఎక్కువే. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి 1,500 పదాల్లో మీరనుకున్న దానికంటే ఎక్కువ విషయం పడుతుంది. చేత్తో రాస్తున్నట్టయితే మీ రాతలో పేజీకి ఎన్ని పదాలు వస్తున్నాయో ఒకసారి లెక్కపెట్టుకుని దాన్నిబట్టి పేజీలు చూసుకోండి.

ఇప్పుడు ఆ 11 పేజీలు. చించేయకండి. పెన్సిలుతో ప్రతి పేరా పక్కనా, అది ప్రశ్నలో ఏ మాటకు జవాబిస్తోందో రాయండి: 'రైతు', 'స్థితి', 'ఎంతవరకు'. ఏదీ రాయలేకపోతే ఆ పేరాను కొట్టేయండి. రెండు పేరాల పక్కన ఒకటే వస్తే కలిపేయండి. ఇలా చేశాక మూడు నాలుగు పేజీలకు మించి మిగలవు, మిగిలినవే మీ కొత్త వ్యాసానికి పునాది. కొట్టేసినవాటి కోసం చదివింది వృథా కాదు. ఆనకట్ట ఎలా కట్టారో తెలియకపోతే నీరు ఎవరికి ముందు చేరిందో మీకు తెలిసేది కాదు.

పరిచయం గురించి ఒక్క విన్నపం. "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం, రైతే దేశానికి వెన్నెముక" అని మొదలుపెట్టకండి. దిద్దేవాళ్లు ఆ రోజు చదివిన ప్రతి పేపరూ అలాగే మొదలై ఉంటుంది. మీ హద్దులు, మీ కొలమానాలు, మీ ప్రధాన వాదన ఈ మూడూ చెప్పేస్తే పరిచయం అయిపోయింది. ముగింపులో కొత్త విషయం తేకండి, ప్రభుత్వానికి సలహాలు ఇవ్వకండి. 'ఎంతవరకు' అన్నదానికి మీ ఆఖరి తూకం చెప్పి ఆపండి.

ఆధారాల విషయం. గైడు, వాట్సాప్‌లో తిరిగే వ్యాసం, కాలేజీ ఎదురుగా జిరాక్సు షాపులో దొరికే రెడీమేడ్ అసైన్‌మెంటు, ఇవి ఆధారాలు కావు. వికీపీడియా దారి చూపడానికి పనికొస్తుంది, కింద ఇచ్చిన మూలాల దగ్గరికి వెళ్లండి. గోదావరి జిల్లా మీద 1907లో వచ్చిన ప్రభుత్వ గెజిటీరు (జిల్లా వివరాల పుస్తకం) ఇలాంటి ప్రశ్నకు చాలా అవసరం. రాజమండ్రి వెళ్లగలిగితే గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాల గురించి అడగండి. మీ ఊళ్లో కౌలు చేసిన పెద్దవాళ్లతో మాట్లాడినా అది ఆధారమే, వాళ్ల అనుమతి తీసుకుని, ఎప్పుడు, ఎక్కడ మాట్లాడారో రాస్తే. కానీ వాళ్లు చెప్పింది వాళ్ల చేను గురించి, డెల్టా అంతటి గురించి కాదని గుర్తుంచుకోండి. కృత్రిమ మేధ చాట్‌లను అడిగి పుస్తకాల పేర్లు తెచ్చుకునే పిల్లలు ఎక్కువయ్యారు. అవి లేని పుస్తకాలకు కూడా పేరు, సంవత్సరం, పేజీ నంబరు ఇచ్చేస్తాయి. మీ చేత్తో తెరిచి, ఆ పేజీ చూసిన పుస్తకాన్నే చూపండి.

చూపే పద్ధతి మీ డిపార్ట్‌మెంటు ఏది చెబితే అది. చెప్పకపోతే, వాడిన చోటనే రచయిత పేరు, సంవత్సరం, పేజీ ఇచ్చి, చివర పూర్తి వివరాలు రాయండి, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరులో. మాటలు మార్చి రాసినా ఆలోచన వాళ్లదే కాబట్టి పేరు చెప్పాలి. ఇది చాలామందికి తెలియక దొరికిపోతారు. ఇప్పుడు అలవాటు చేసుకుంటే పరిశోధనకు వెళ్లినప్పుడు భయం ఉండదు. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనల్లో థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

మార్జిన్లు, మొదటి పేజీ, హాల్‌టికెట్ నంబరు, గడువు తేదీ, ఇవి చెప్పినట్టు చేసేయండి. ఆలోచించాల్సింది వాటిలో ఏమీ లేదు, పోయే మార్కులు మాత్రం ఉన్నాయి.

మళ్లీ రాయడానికి ముందు ఒక్కసారి మీ లెక్చరర్ గారిని కలవండి. మన పిల్లలకు మొహమాటం ఎక్కువ, స్టాఫ్ రూమ్ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేస్తారు. వెళ్లి "సార్, ఎలా రాయాలి?" అని అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతారు? "సార్, నేను 1852 నుంచి 1900 వరకు తీసుకుంటున్నాను, నా ప్రధాన వాదన ఇదీ, మీరడిగిన పరిధిలో ఉందా?" అని ఆ ఒక్క వాక్యం కాగితం మీద చూపించండి. అయిదు నిమిషాల పని. ఆయన "కౌలుదారు గురించి ఆధారం ఎక్కడ దొరుకుతుంది నీకు?" అని అడిగారనుకోండి, మీ వ్యాసంలో బలహీనమైన చోటు రాయకముందే తెలిసిపోయినట్టు.

వారం ఉంది కదా. మొదటి రెండు రోజులూ ప్రశ్నకూ, ఆ వాక్యానికీ, పాత పేజీల పక్కన పెన్సిలు గుర్తులకీ ఇవ్వండి. తర్వాతి మూడు రోజులు రాయడానికి. ఒక రోజు అసలు ముట్టుకోకండి. ఆఖరి రోజు ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి, చదువు లేనివాళ్లయినా సరే. మధ్యలో ఆపి "ఇంతకీ మారిందా మారలేదా?" అని వాళ్లు అడిగిన చోట పేరా సరిచేయండి. మీ వాక్యం సిద్ధమయ్యాక నాకూ రాసి పంపండి, చూసి ఎక్కడ వదులుగా ఉందో చెబుతాను.